పది నిమిషాలు నిలబెట్టే మందుల దుకాణం

మొదటి రెండేళ్లూ ఆ మందుల దుకాణమంటే నాకు చిరాకే. చీటీ ఇచ్చి పది నిమిషాలైనా మందులు చేతికి రావు. వేరేచోట చీటీ మడత విప్పేలోపే సంచీ కట్టేస్తారు. ఇప్పటికి పదకొండేళ్లయింది. వాళ్ల ఆలస్యం తగ్గలేదు గానీ, ఆ పది నిమిషాల్లో లోపల ఏం జరుగుతుందో తెలిశాక నా చిరాకు తగ్గింది.

తెలిసింది అమ్మ వల్ల. ఆమె కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడుతుంది. అది వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఒకసారి ఆమెకు మూత్రంలో మంట వచ్చి మరో వైద్యుడి దగ్గరికి వెళితే కోట్రైమాక్సజోల్ రాశారు. చాలామంది వాడే యాంటీబయాటిక్కే, మోతాదూ సరైనదే. ఆ చీటీ ఒక్కటే చూస్తే తప్పు పట్టడానికేమీ లేదు. కానీ ఫార్మసిస్ట్ అమ్మ పేరు మీదున్న పాత మందుల జాబితా తెరిచి చూశారు. మాత్రలు పక్కన పెట్టి ఆ వైద్యుడికి ఫోను చేశారు. రెండు మందులూ ఒంట్లో ఫోలేట్ అనే విటమిన్ పనినే అడ్డుకుంటాయట. పైగా మెథోట్రెక్సేట్ మూత్రపిండాల ద్వారా బయటికి పోకుండా రెండోది ఆపుతుందట. వేరే మందు రాయించేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. అప్పుడు కూడా నేను గడియారం చూసుకుంటూ గొణిగాను, అది వేరే సంగతి.

ఆ తర్వాత నుంచి మెథోట్రెక్సేట్ పొట్లం మీద "బుధవారం మాత్రమే" అని పెద్ద అక్షరాలతో రాసి ఇస్తున్నారు. "ఏ రోజు వేసుకుంటారమ్మా?" అని అడిగి, అమ్మ నోటితో చెప్పించందే పొట్లం వదలరు.

ఇక నా ఇన్సులిన్. అది నింపిన సూదిమందు పెన్నులు, తెరవనివి, 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. వాళ్ల ఫ్రిజ్‌లో మందులు తప్ప మంచినీళ్ల సీసా కూడా కనిపించదు. తలుపు అరలు ఖాళీగా ఉంచుతారు, తీసి మూసినప్పుడల్లా ముందు వేడెక్కేవి అవే కనుక. వెనక గోడకు ఏదీ ఆనించరు, అక్కడ గడ్డకట్టే ప్రమాదం ఉంది. రోజుకు రెండుసార్లు గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు రాసే కాగితం తలుపుకే అతికించి ఉంటుంది, కొనేవాళ్లకూ కనిపించేలా. ఒక రోజు పొద్దున్న వెళ్లేసరికి అందులో కనిష్ఠం సున్నా కన్నా కిందికి దిగి ఉంది. పెన్నులు ఎదురుగానే ఉన్నా ఒక్కటీ అమ్మలేదు. గడ్డకట్టి కరిగిన ఇన్సులిన్ చూపుకు మామూలుగానే ఉండవచ్చు, సరిగ్గా పనిచేస్తుందన్న నమ్మకం మాత్రం ఉండదు. ఆ రోజు నేను మరో దుకాణం వెతుక్కోవలసి వచ్చింది. అక్కడి ఫ్రిజ్ తలుపు మీద ఏ కాగితమూ లేదు. ఆ పెన్ను అయిపోయేదాకా మామూలుకన్నా ఎక్కువసార్లు చక్కెర పరీక్ష చేసుకున్నాను.

వాళ్లూ తప్పు చేశారు. ఒకసారి నా థైరాయిడ్ మాత్రలు 25 మైక్రోగ్రాములవి ఇవ్వాల్సింది, 50వి ఇచ్చారు. ఒకే కంపెనీ, ఒకే రంగు డబ్బా, అంకె ఒక్కటే తేడా. సాయంత్రం నిల్వ లెక్క చూసుకుంటూ వాళ్లే పట్టుకుని, నేనింకా డబ్బా తెరవకముందే ఫోను చేశారు. క్షమాపణ ఎవరైనా చెబుతారు. తర్వాతి నెల వెళ్లినప్పుడు ఆ రెండు రకాల డబ్బాలూ వేర్వేరు అరల్లో, దూరదూరంగా కనిపించాయి. నా నమ్మకం గట్టిపడింది అక్కడ.

లోపాలు లేకపోలేదు. ప్రధాన ఫార్మసిస్ట్ రాని రోజుల్లో కూర్చునే కుర్రవాడు చీటీ శ్రద్ధగానే చదువుతాడు, పాత జాబితా మాత్రం అడిగితేగానీ తెరవడు. ప్రమాణాలు కూడా ఆమెతో పాటే సెలవు పెట్టినట్టుంటుంది. ఇంకొకటి గోప్యత. ఏ జబ్బుకు ఏ మందో కౌంటరు దగ్గర నిలబడి, వెనక నలుగురు వింటుండగా చెప్పాలి. చాలాసార్లు చెప్పగా చెప్పగా ఈ మధ్య ఓ మూల చిన్న తెర కట్టి రెండు కుర్చీలు వేశారు. మంచిదే. కాకపోతే అమ్మకు చెవుడు. తెర వెనక నుంచి ఆమె "బుధవారం!" అని చెబితే దుకాణమంతా తల తిప్పి చూస్తుంది.