ఆ ‘ఎలర్జీ ప్యాకేజీ’కి డబ్బు కట్టకండి: శ్రీకాకుళం వాళ్ళకి హెచ్చరిక

గోడలనిండా పోస్టర్లు వేసిన ఆ ల్యాబే. ‘ఒక్క రక్తపరీక్షతో 200 ఆహారాలు’ అంటే, దద్దుర్లతో బాధపడుతున్న మా పాపకి 6,500 కట్టి చేయించాను. నిన్న సాయంత్రం రిపోర్టు చేతిలో పెట్టారు. బియ్యం, పాలు, గుడ్డు, కందిపప్పు, జీడిపప్పు అన్నిటికీ ఎర్ర గీతే. అన్నీ మానిపించేయమన్నారు. పలాస జీడిపప్పు రోజూ తిన్నా ఏమీ కాని పిల్ల!

ఆఖరి పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ‘ఐజీజీ’ అని ఉంది. ఐజీజీ, ఐజీఈ రెండూ రక్తంలో ఉండే యాంటీబాడీలే, కానీ ఎలర్జీకి చూడాల్సింది ఐజీఈ. ఐజీజీ ఉందంటే ఆ తిండి ఒంటికి పరిచయమే అని అర్థం, అంతే. రోజూ తినేవాటికే అది ఎక్కువ కనిపిస్తుంది. ఆ మాటే అడిగితే కౌంటర్లో మనిషి కాగితాలు నా వైపు తోసేసి, పాప ముందే, “డాక్టరు మీరేటి? నచ్చకపోతే చింపుకోండి” అన్నాడు. ఇదంతా తెలిసీ, పరీక్ష పేరు అడక్కుండా డబ్బు కట్టడం నా తప్పే. పిల్ల బాధ చూసి తొందరపడ్డాను.

అసలు పరీక్ష డాక్టరు ప్రశ్నలతోనే మొదలవుతుంది. ఏం తిన్నాక, ఎంతసేపటికి, ఎన్నిసార్లు వచ్చింది? అనుమానం ఉన్నవాటికే స్కిన్ ప్రిక్, అంటే చర్మం మీద గుచ్చి చూసే పరీక్ష. ముంజేతి మీద 2 సెంటీమీటర్ల ఎడంతో ఆ పదార్థాల సారం చుక్కలు వేసి, రక్తం రాకుండా లాన్సెట్ అనే చిన్న సూదితో పైపైన గుచ్చుతారు. పోల్చి చూడటానికి, ఎవరికైనా ఉబ్బు తెప్పించే హిస్టమిన్ చుక్క ఒకటి, ఉబ్బు తెప్పించని సెలైన్ (ఉప్పునీటి) చుక్క ఒకటి తప్పకుండా ఉండాలి. 15-20 నిమిషాలాగి స్కేలుతో కొలుస్తారు. ఉబ్బు సెలైన్ కంటే కనీసం 3 మిల్లీమీటర్లు ఎక్కువుంటేనే పాజిటివ్. హిస్టమిన్ దగ్గరే ఉబ్బు రాలేదా, ఆ పరీక్ష చెల్లదు. చాలాసార్లు కారణం దద్దుర్లకి, దురదకి వేసుకునే సిట్రజిన్ మాత్ర. డాక్టర్ని అడిగి దాన్ని వారం ముందే ఆపాలి. ఆపలేనివాళ్ళకి రక్తంలో స్పెసిఫిక్ ఐజీఈ (అనుమానం ఉన్న తిండికి సంబంధించిన ఐజీఈ) చూస్తారు, దానికి మాత్ర అడ్డు కాదు.

పాజిటివ్ వచ్చినా తిండి పడదని తేలిపోయినట్టు కాదు. ఇంటి దుమ్ములో ఉండే సూక్ష్మ పురుగుకీ, బొద్దింకకీ, రొయ్యకీ ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ దగ్గరదగ్గరగా ఉంటుంది. దుమ్ము పడనివాళ్ళకి రొయ్య కూడా పాజిటివ్ రావచ్చు, తింటే ఏమీ కాకపోవచ్చు. ఖాయంగా తేల్చేది ఆసుపత్రిలో, ఎలర్జీ ముదిరితే ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ పక్కన పెట్టుకుని, కొద్దికొద్దిగా తినిపించి చూడటమే. ఇంట్లో మాత్రం ప్రయత్నించొద్దు. ఇంకోటి, ఆరు వారాలు దాటినా వస్తూపోతూ ఉండే దద్దుర్లకి తిండి కారణం కావడం అరుదు.

డబ్బు కట్టేముందు ఐజీఈనా, ఐజీజీనా అని అడిగి బిల్లు మీద రాయించుకోండి. ఇలాంటి కాగితం చూసి పిల్లలకి పాలు, గుడ్డు, పప్పు మానిపించకండి.