ఆర్లింగ్టన్‌లో ఐరా హేస్: మా గైడు చెప్పనిది

వాషింగ్టన్‌లో మ్యూజియంలు హాయిగా చూశాం. రాత్రికి 164 డాలర్ల హోటల్ గది కూడా శుభ్రంగానే ఉంది. నా బాధంతా ఆ పక్కనే ఉన్న ఆర్లింగ్టన్‌లో మెరైన్ కోర్ (అమెరికా సముద్ర సైనిక దళం) యుద్ధ స్మారకం దగ్గర మా టూర్ గైడు మాట్లాడిన తీరు గురించే. తలకు 79 చొప్పున నాకూ మా మామగారికీ కలిపి 158 డాలర్లు వసూలు చేసిన ఆ మనిషి, రెండో ప్రపంచ యుద్ధంలో, 1945 ఫిబ్రవరి 23న జపాన్‌కు చెందిన ఇవో జిమా దీవిలో సూరిబాచి కొండపై అమెరికా జెండా ఎత్తిన ఆరుగురి కంచు విగ్రహాలు చూపిస్తూ, వారిలో ఒకరైన ఐరా హేస్ తాగుడుతో పోయిన ఆదివాసి అని ఒక్క మాటలో తేల్చేసి, ఫొటోలకు పది నిమిషాలిచ్చి బస్సెక్కమన్నాడు. మిలిటరీ మాధవరంలో పుట్టి హవల్దారుగా రిటైరైన మా మామగారు ఆ రాత్రి భోజనం సగంలోనే వదిలి లేచారు.

మర్నాడు మేమిద్దరమే మెట్రోలో ఆర్లింగ్టన్ సైనిక శ్మశానానికి వెళ్ళాం. ప్రవేశానికి రుసుము లేదు. అక్కడి సిబ్బంది ఎంతో ఓపికగా మ్యాపులో 34వ సెక్షన్ గుర్తుపెట్టి ఇచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సేనలను నడిపిన జనరల్ పెర్షింగ్ సమాధి ఉన్న ఆ సెక్షన్‌లోనే హేస్ సమాధి కూడా ఉంది.

దారిలో హేస్ కథ మామగారికి చెప్పాను. అరిజోనాలో గీలా నది ఒడ్డున సేద్యం చేసుకుని బతికిన పీమా తెగలో 1923లో పుట్టాడు. ఎగువన వలస వచ్చినవాళ్ళు నీళ్ళు మళ్ళించుకోవడంతో ఆ తెగ పొలాలు అప్పటికే ఎండిపోయాయి. 1942లో మెరైన్లలో చేరి, ఇవో జిమా కంటే ముందే పసిఫిక్‌లోని బోగన్‌విల్ దీవిలో పోరాడాడు. జెండా ఎత్తిన ఆరుగురిలో ముగ్గురు ఆ దీవిలోనే చనిపోగా, వారిలో హార్లన్ బ్లాక్ స్థానంలో వేరొకరి పేరు నమోదైంది. ఆ తప్పు సరిదిద్దడానికి హేస్ 1946లో దారిన పోయే బండ్లు పట్టుకుని టెక్సాస్‌లోని బ్లాక్ తండ్రి దగ్గరికి వెళ్ళి నిజం చెప్పాడు. మరుసటి ఏడాది అధికారికంగా పేరు మారింది. తాగుడు ఆయన్ను కుంగదీసిన మాట నిజమే. 1954 నవంబరు 10న ఈ స్మారకం ఆవిష్కరణకు వచ్చిన హేస్, మూడు నెలలైనా గడవకముందే, 32 ఏళ్ళ వయసులో చనిపోయాడు.

"సాటి సిపాయి పేరు కోసం అంత దూరం పోయినవాణ్ణి ఒక్క మాటతో కొట్టిపారేస్తారా అమ్మా!" అన్నారు మామగారు. హేస్ సమాధి ముందు నిటారుగా నిలబడి సెల్యూట్ చేశారు.

మీరు వెళ్తే టూర్ బస్సుకు డబ్బు పెట్టకండి. శ్మశానం ఉదయం 8కి తెరుస్తారు. ముందు 34వ సెక్షన్ చూసుకుని, తర్వాత రాస్లిన్ స్టేషన్ వైపు ఉన్న స్మారకానికి వెళ్ళండి. లోపల నడక ఎక్కువ, కాబట్టి పెద్దవాళ్ళు వెంట ఉంటే వాహన సదుపాయం గురించి కౌంటరులో ముందే అడగండి.