నల్గొండలో ఇంటర్వ్యూ కోచింగ్: టీమ్‌వర్క్ ప్రశ్నల కోసమైతే వెళ్లొచ్చు

క్లాక్ టవర్ దగ్గర మేడ మీద నడిపే ఇంటర్వ్యూ క్లాసులకు 10 రోజులు వెళ్లాను. "మీ టీమ్‌లో ఒకరు పని చేయకపోతే ఏం చేస్తారు?" అని మేడం అడిగితే "ఆ పని కూడా నేనే చేసేస్తాను" అన్నాను, మంచి జవాబే అనుకున్నా. ఆమె పెన్ను కింద పెట్టి, "మరి అతనితో ఒక్కసారైనా మాట్లాడవా?" అన్నారు. నోట మాట రాలేదు.

ఆ తర్వాత స్టార్ పద్ధతి నేర్పారు: పరిస్థితి ఏంటి, నీ బాధ్యత ఏంటి, నువ్వేం చేశావు, చివరికి ఏమైంది, ఇవన్నీ వరసగా రెండు నిమిషాల్లో చెప్పాలి. చాలామంది 'మేము చేశాం, మేము చేశాం' అంటూ పోతారు, అందులో 'నేను' చేసిందేంటో తేలాలి, అలాగని తోటివాళ్లను తిట్టకూడదు. డిగ్రీ ప్రాజెక్టప్పుడు దేవరకొండ నుంచి రోజూ బస్సులో వచ్చే స్నేహితుడు ఎందుకు లేటవుతున్నాడో కనుక్కుని, ఇంటి దగ్గర కూర్చుని చేసుకునే రిపోర్టు పని అతనికి మార్చిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అదే నా జవాబైంది, టెన్షన్ సగం పోయింది.

లోటల్లా పొద్దున బ్యాచ్‌లో 30 మంది ఉండటం, మాక్ ఇంటర్వ్యూ నాకు రెండుసార్లే దక్కింది. చేరేవాళ్లు సాయంత్రం బ్యాచ్ అడగండి.