అరవై కుర్చీల గదిలో ఒక గిటారు, ఒక గొంతు

2024లో కాళోజీ కళాక్షేత్రం ప్రారంభమైన తరువాత హనుమకొండలో పెద్ద సభలకు చోటు దొరికింది కానీ, పాడే మనిషికి నాలుగడుగుల దూరంలో కూర్చుని పాట వినే అవకాశం మాత్రం ఇక్కడ అరుదు. అందుకే నక్కలగుట్టలో ఒక కాఫీ షాపు పైఅంతస్తులో, తన పాటలను తానే రాసి బాణీ కట్టుకునే ఒక యువ గాయని పాడుతున్నారని తెలియగానే 300 రూపాయల టికెట్టు తీసుకున్నాను.

వేదిక లేదు. ఒక తివాచీ, ఒక ఎత్తుపీట, రెండు చిన్న స్పీకర్లు, ఎదురుగా అరవై కుర్చీలు. రెండో వరుసలో కూర్చున్న నాకు తీగ మీద వేలు జారినప్పుడు వచ్చే సన్నని కీచుమనే శబ్దం కూడా వినిపించింది.

ఆమెది జగిత్యాల వైపు ఊరు. మూడో పాట బీడీలు చుట్టే తల్లి మీద. నానబెట్టిన తునికాకును రేకు కొలతకు కత్తిరించడం, పొగాకు నింపి చుట్టడం, దారం కట్టడం, వెయ్యి పూర్తయితే గానీ కూలి లెక్కకు రాకపోవడం, ఇవన్నీ ఆ పాటలో ఉన్నాయి. చరణానికీ చరణానికీ మధ్య ఆమె తీగలను అరచేతితో అదిమిపట్టి మీటుతుంటే కత్తెర ఆడుతున్న చప్పుడే వచ్చింది. మా అమ్మ బీడీల చేట ముందు కూర్చుని పెంచిన బిడ్డను కనుక, ఆ లయ నాకు పాటకంటే ముందే తెలుసు. పాట అయ్యాక కొంతసేపు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరుసలోని ఒక పెద్దాయన మాత్రం "ఇంకొక్కసారి పాడు బిడ్డా" అన్నారు. "పాడుత తాతా" అని ఆమె మళ్లీ మొదలుపెట్టారు, ఈసారి మైకు పక్కకు జరిపి. మాటలు ఇంకా స్పష్టంగా వినిపించాయి.

గిటారు మెడ మీది కేపోను, అంటే తీగలన్నిటినీ ఒకేచోట నొక్కిపట్టి శ్రుతి పెంచే బిగింపును, రెండో మెట్టు నుంచి నాలుగో మెట్టుకు మార్చిన ప్రతిసారీ తీగలు కొద్దిగా శ్రుతి తప్పేవి. ఆమె తొందరపడకుండా, కబుర్లతో సమయం గడపకుండా, ఒక్కొక్క తీగనూ సరిచేసుకున్న తరువాతే పాడారు. శ్రోతల మీద ఆ గౌరవం నాకు ఎంతో నచ్చింది. ప్రేమ పాటలు రెండు మాత్రం ఒకే బాణీలో సాగినట్టు అనిపించాయి.

నిర్వాహకుల తీరు మాత్రం బాగాలేదు. కార్యక్రమం నలభై నిమిషాలు ఆలస్యమైంది. పాట నడుస్తుండగానే కింద కాఫీ గింజలు పొడి చేసే యంత్రం రెండుసార్లు మోగింది. నెమ్మదైన పాటల సమయంలోనైనా దానిని ఆపించాలి.

మెట్లు నిటారుగా ఉన్నాయి కనుక పెద్దవారితో వెళ్లేవారు కాస్త ముందుగా చేరుకోవడం మంచిది. ఆమె మళ్లీ పాడితే, మోకాళ్లు సహకరించినంతలో మా అమ్మను మెల్లగా ఎక్కించి, ఆ బీడీల పాటకు ముందు వరుసలో కూర్చోబెడతాను.