పంపు భాగాలకు చేయించిన నికెల్ పూత
రసాయన ద్రావణాలను తోడే పంపు భాగాలకు, విద్యుత్తు వాడకుండా కేవలం రసాయన చర్యతో నికెల్ పూత వేసే ఒక ప్లేటింగ్ యూనిట్ సేవను ఉపయోగించుకున్నాము. సుమారు 90 డిగ్రీల సెల్సియస్ వేడి ద్రావణంలో పూత పేరుకుంటుంది కనుక, విద్యుత్ పూత సరిగా చేరని లోపలి రంధ్రాలలో కూడా మందం సమానంగా వచ్చింది. 25 మైక్రాన్లు కోరితే, కొలిచిన ప్రతిచోటా దాదాపు అంతే ఉంది. తుప్పును బాగా తట్టుకునేందుకు ఫాస్ఫరస్ 10 శాతానికి మించిన పూతను ఎంచుకున్నాము. పనితనం నిజంగా మెచ్చదగినది.

అయితే అధిక బలపు ఉక్కు బోల్టుల విషయంలో నాకు బాధ కలిగింది. ఆమ్లంతో శుభ్రం చేసేటప్పుడు, పూత వేసేటప్పుడు లోహంలోకి చేరిన హైడ్రోజన్ బయటకు పోవాలంటే, కొద్ది గంటల్లోనే వాటిని సుమారు 190 డిగ్రీల వద్ద ఓవెన్‌లో ఉంచాలి. వారు మరునాడు ఉంచారు. హైడ్రోజన్ మిగిలిపోయి పెళుసైన బోల్టు, బిగించి ఉంచినప్పుడు హఠాత్తుగా విరగవచ్చు కనుక వాటన్నిటినీ పక్కన పెట్టేశాము.