వోల్విక్ సీసాతో అలిపిరి మెట్లెక్కాం

ఫ్రాన్స్‌లో ఉంటున్న మా తమ్ముడు ఈసారి మొక్కు తీర్చుకోవడానికి వస్తూ రెండు వోల్విక్ నీళ్ల సీసాలు తెచ్చాడు. వోల్విక్ వాడుండే చోటికి దగ్గరి ఊరే. చుట్టూ ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతాలు, 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. ఆ లావా రాళ్లలోకి ఇంకిన వాన నీరే ఊటై వస్తుంది. 1938 నుంచి దాన్ని సీసాల్లో నింపుతున్నారు.

తిరుపతిలో బస్టాండు దగ్గరి లాడ్జిలో దిగాం. గది శుభ్రం, తెల్లవారుజామున నాలుక్కే వేడినీళ్లు. నచ్చనిది ఒక్కటే: బల్ల మీద పెట్టిన నీళ్ల బాటిల్ మూత తిప్పితే కటక్‌మనలేదు, ఐఎస్ఐ గుర్తూ లేదు. అడిగితే మార్చారు గానీ, అడగనివాళ్ల సంగతేంటి? దయచేసి మూత, గుర్తు రెండూ చూడండి. మనం అన్నింటినీ మినరల్ వాటర్ అనేస్తాం గానీ, ఐఎస్ 14543 అని ఉంటే అది శుద్ధి చేసిన మామూలు నీరు. ఊట నీటిని దాని సహజ లవణాలతోనే పట్టిన మినరల్ వాటర్‌కు వేసేది ఐఎస్ 13428.

కొండ మీదికి ప్లాస్టిక్ బాటిల్ తీసుకుపోకూడదు కదా, అలిపిరిలోనే వోల్విక్ నీళ్లను స్టీలు సీసాలోకి వంచుకున్నాం. మొత్తం 3,550 మెట్లు. గాలిగోపురం దగ్గర కూలబడి అమ్మకు ఒక గుక్క పోశాను. చిత్తూరు బోరు నీళ్లు తాగిన నోరు ఆమెది.

"ఏం నాయనా, వాన నీళ్ల మాదిరి సప్పగా ఉండాయే!" అంది.

నిజమే. లీటరుకు లవణాలన్నీ కలిపి 130 మిల్లీగ్రాములే, అందులో కాల్షియం 12. నాకు మాత్రం గొంతులో మెత్తగా దిగినట్టనిపించింది. అయినా మోకాళ్ల మెట్టు దాకా ఆ సీసా ఎక్కడ సరిపోతుంది? దారిలో దేవస్థానం వాళ్ల కుళాయిల దగ్గరే నింపుకుంటూ పోయాం, ఎక్కడా ఇబ్బంది పడలేదు. నడిచేవాళ్లు ఖాళీ స్టీలు సీసా ఒకటి తెచ్చుకుంటే చాలు. కొండపైన అంగళ్లలో గాజు సీసాల్లో నీళ్లు దొరుకుతాయి, సీసా తిరిగిచ్చేస్తే డిపాజిట్ వెనక్కిస్తారు.

రెండో సీసా చిత్తూరు చేరింది. అమ్మ దాన్ని తాగనివ్వలేదు, కందిపప్పు ఎసట్లో పోసేసింది. బోరు నీళ్లలో ఎంతసేపటికీ బద్దలు బద్దలుగా నిలిచే పప్పు, ఆ పూట గరిటె తగిలితే చాలు, వెన్నలా విడిపోయింది.