నైరోబీ–మొంబాసా రైలు: టికెట్టు చవకే, దిగాకే అసలు ఖర్చు

ముప్పై నాలుగేళ్లు గూడ్సు గార్డుగా చేసినవాణ్ణి. ఎక్కడ రైలెక్కినా ముందు పట్టాలు చూస్తాను. కెన్యాలో నైరోబీ నుంచి మొంబాసా వెళ్లే మదరక ఎక్స్‌ప్రెస్‌ది 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం; మన బ్రాడ్ గేజ్ 1676. డీజిల్ ఇంజనే. పెట్టె మనదానికన్నా కాస్త ఇరుకు. ఎకానమీలో ఒక పక్క ముగ్గురు, ఇంకో పక్క ఇద్దరు, ఎదురెదురు సీట్లు. నా మోకాళ్లు దారంతా ఎదుటాయనకు తగులుతూనే ఉన్నాయి.

మనిషికి 1,500 షిల్లింగులు. అల్లుడు ఫోన్లో ఎంపెసాతో కట్టేశాడు. అప్పట్లో షిల్లింగంటే ఇంచుమించు 65 పైసలు. దాదాపు 480 కిలోమీటర్లకు వెయ్యి రూపాయలంటే నాకేం ఎక్కువనిపించలేదు. పైగా దారిలో త్సావో అభయారణ్యం దగ్గర ఎర్రమట్టి పూసుకున్న ఏనుగులు కనిపించాయి. సఫారీ జీపు డబ్బులు మిగిలాయని మా ఆవిడతో అంటే, మీకన్నిట్లోనూ లెక్కలేనా అంది. స్టేషన్లో సామాన్ల తనిఖీకి మాత్రం గంట ముందే వెళ్లాలి.

లాడ్జి కాకుండా ఇద్దరికీ రోజుకు 6,000 అని పుస్తకంలో రాసుకున్నాను. మొదటి రోజే తప్పింది. రైలు ఆగేది మొంబాసా ఊళ్లో కాదు, ఊరికి దూరంగా మిరిటినిలో. టాక్సీవాడు 2,500 అడిగి, బేరమాడితే 1,500కి వచ్చాడు. అంటే ఒక టికెట్టు డబ్బు! తిరిగి వచ్చేటప్పుడు అదే దారికి మతాతు వ్యాన్లో మనిషికి వందే అయింది. పెద్ద పెట్టెలు లేకపోతే మతాతే ఎక్కండి. ఇక లాడ్జివాళ్లు, పేరెందుకులెండి, ఏసీ వేసినందుకు రాత్రికి 800 విడిగా రాశారు. గదిలోకి వెళ్లకముందే అడగాల్సింది నేనే.

తిండికి మాత్రం భయపడక్కర్లేదు. ఓల్డ్ టౌన్ సందులో పొద్దున్నే మహమ్రి, మ్బాజి తిన్నాం. మహమ్రి అంటే యాలకుల వాసనొచ్చే, పొంగిన పూరీలాంటిది. మ్బాజి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని మా ఆవిడ, "ఇవి కందులండీ, కొబ్బరిపాలల్లో ఉడకేశారు" అని తేల్చేసింది. నిజంగా కందులే. టీతో కలిపి ఇద్దరికీ 260. మొంబాసా దీవి నుంచి అవతలి ఒడ్డుకు వెళ్లే లికోని ఫెర్రీ నడిచి ఎక్కేవాళ్లకు ఉచితం. అందుకని రెండుసార్లు అటూ ఇటూ తిరిగాం.

రైలుకు ఐదులో నాలుగు ఇస్తాను. ఆ ఒకటీ మోకాళ్ల కోసం తగ్గించాను.

చివరి రోజు 1,900 మిగిలిందని సంబరపడేలోపే బియాషరా స్ట్రీట్‌లో మా ఆవిడ కాంగా జత, అంటే అక్కడి ఆడవాళ్లు చుట్టుకునే అచ్చు నూలు బట్టలు, కొనేసింది. పుస్తకంలో "ఇతరములు" అని రాశాను. అంచు మీద స్వాహిలీలో ఏదో సామెత అచ్చేసి ఉంది. అల్లుడు చదివి నవ్వాడుగానీ, అర్థం మాత్రం ఇప్పటిదాకా చెప్పలేదు.